ప్రాణాపాయాన్ని కొలిచే కాగితాలు

(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాకు పాఠం చెప్పిన సార్ పేరు మీద జరిగే ఉపన్యాసానికి విషయం ఎంచుకోమంటే నేను పెద్దగా వెతుక్కోలేదు. మానసిక వైద్యంలో పీజీ చేసిన ప్రతివాళ్ళూ కేసు షీటులో ఒక వరస రాసి ఉంటారు: నిస్సహాయత ఉందా, నిరాశ ఉందా, తాను ఎందుకూ పనికిరాననే భావన ఉందా, చావు ఆలోచనలు ఉన్నాయా. నాలుగింటికీ 'లేదు' అని రాసిన షీటు సార్ ముందు పెడితే ఆయన దాన్ని మూసి పక్కన పెట్టేవారు. నువ్వు ఏమని అడిగావు, ఆయన ఏమన్నాడు, రెండూ ఉన్నవి ఉన్నట్టు తెలుగులో చెప్పమనేవారు. షీటు మీది 'లేదు' ఆయనకు అక్కర్లేదు. ఆ 'లేదు' ఎలా పుట్టిందో కావాలి.

ఆ నాలుగు గళ్ళ స్థానంలో ఇవాళ పేరున్న స్కేళ్ళు వచ్చాయి. డిప్రెషన్‌కి వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, గడిచిన రెండు వారాల్లో చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఎన్నిసార్లు అనిపించిందని అడుగుతుంది. కొలంబియా స్కేలు ఇంకొంచెం లోతుకు వెళ్తుంది. చావాలన్న కోరిక, ఆలోచన, మార్గం, ఉద్దేశం, పథకం, ఇదివరకటి ప్రయత్నాలు అంటూ మెట్టు మెట్టుగా దిగుతుంది. 1983లో వచ్చిన శాడ్ పర్సన్స్ స్కేలుని చాలా దేశాల క్యాజువాల్టీల్లో వాడారు. ఆ పేరులోని పది అక్షరాలకు పది అంశాలు, అంశానికో మార్కు. మగవాడైతే ఒకటి, మద్యం అలవాటుంటే ఒకటి, పక్కన ఎవరూ లేకపోతే ఒకటి. హింస వైపు వస్తే కెనడాలో పుట్టిన హెచ్‌సీఆర్-20, వీఆర్‌ఏజీ, నార్వే నుంచి వచ్చిన ఒక చిన్న చెక్‌లిస్టు ఉన్నాయి. వీటిని తయారుచేసినవాళ్ళు ఆషామాషీ మనుషులు కారు. ప్రాణం పోయాక 'ముందే తెలిస్తే ఎంత బాగుండేది' అని గుండెలు బాదుకునే తల్లిదండ్రులను చూసి, ఆ ముందే తెలిసే దారి కోసం జీవితాలు వెచ్చించినవాళ్ళు. ఆ శ్రమకు దండం పెట్టి చెబుతున్నాను: ఎవరు చనిపోతారో, ఎవరు దాడి చేస్తారో ఈ కాగితాలు చెప్పలేవు. చెప్పగలవని నమ్మి, వచ్చిన మార్కుల ప్రకారం వైద్యాన్ని పంచితే పేషెంట్లకు అన్యాయం జరుగుతుంది.

ఆరన్ బెక్ సంగతి ముందు చెప్పుకోవాలి. ఈ రంగంలో వైద్యుడికి నిజంగా కొత్త విషయం నేర్పిన స్కేలు ఆయనది. ఫిలడెల్ఫియాలో పనిచేసిన బెక్ తన బృందంతో 1974లో ఇరవై వాక్యాల నిరాశ స్కేలు ప్రచురించారు. ప్రతి వాక్యానికీ అవును, కాదు, అంతే. ఆ వాక్యాలు దుఃఖం గురించి అడగవు, రేపటి గురించి అడుగుతాయి. ఆత్మహత్య ఆలోచనలతో ఆసుపత్రిలో చేరిన 207 మందిని ఏళ్ళ తరబడి వెంబడించి 1985లో ఫలితం చెప్పారు. వాళ్ళలో 14 మంది ఆత్మహత్య చేసుకున్నారు. చేరిననాటి డిప్రెషన్ తీవ్రత కంటే ఈ నిరాశ స్కోరే వాళ్ళను ఎక్కువగా పట్టిచ్చింది. 1990లో ఓపీకి వచ్చే 1,958 మంది మీద ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో జరిగిన 17 ఆత్మహత్యల్లో 16, హద్దుగా పెట్టుకున్న స్కోరు గీత దాటినవాళ్ళవే. ఇక్కడున్న పీజీలు ఈ పాఠం మరిచిపోకూడదు. ఏడుస్తున్న పేషెంటు దగ్గర ఎంతసేపు కూర్చుంటారో, ఏడుపు ఆగిపోయి 'ఇంకేం మారదులెండి' అనే పేషెంటు దగ్గర అంతకంటే ఎక్కువసేపు కూర్చోవాలి.

అదే ఫలితాన్ని రెండోవైపు నుంచి చదివితే మరో సంగతి కనిపిస్తుంది. గీత దాటినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో అత్యధికులు ప్రాణాలతోనే ఉన్నారు.

ఇది బెక్ స్కేలులోని లోపం కాదు, లెక్కల స్వభావం. ఈ లెక్కను ఆల్బర్ట్ రోజెన్ అనే మనస్తత్వవేత్త 1954లోనే రాసిపెట్టాడు. అరుదుగా జరిగేదాన్ని ముందుగా పట్టుకోవాలనుకుంటే, పరీక్ష ఎంత మంచిదైనా అది చూపించినవాళ్ళలో ఎక్కువమంది తప్పుగా చూపించబడినవాళ్ళే అవుతారని ఆయన వాదన. నోటితో చెబితే తేలిగ్గా తల ఊపేస్తాం కాబట్టి ఒకసారి అంకెలు వేసి చూద్దాం. మన ఓపీకి ఏడాదికి 10,000 మంది వస్తారనుకోండి. వాళ్ళలో 50 మంది ఆ ఏడాదిలో ఆత్మహత్యకు పాల్పడతారనుకుందాం. మన చేతిలో ఒక అద్భుతమైన స్కేలు ఉంది. చనిపోబోయే వందమందిలో 90 మందిని పట్టుకుంటుంది, బతికే వందమందిలో 90 మందిని బతుకుతారనే చెబుతుంది. ఇంత మంచి స్కేలు ప్రపంచంలో ఎక్కడా లేదు, ఉందనుకుందాం. అది 50 మందిలో 45 మందిని పట్టుకుంటుంది. బాగుంది. మిగిలిన 9,950 మందిలో పదోవంతుని, అంటే 995 మందిని కూడా ప్రమాదంలో ఉన్నారని చూపిస్తుంది. మొత్తం 1,040 మంది పేర్ల పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. నిజంగా ప్రమాదం జరిగేది 45 మందికి. ఎర్ర గుర్తు పడిన ఇరవై ముగ్గురిలో ఒకరికి. గుర్తు పడకుండా ఇంటికి వెళ్ళి చనిపోయేవాళ్ళు ఐదుగురు.

ఊహలో వేసిన లెక్క ఇలా ఉంటే, వార్డులో వేసిన లెక్క ఇంకా కష్టంగా ఉంది. అలెక్స్ పొకార్నీ అనే మానసిక వైద్యుడు అమెరికాలోని హ్యూస్టన్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో చేరిన 4,800 మందిని వరసగా తీసుకుని, తన కాలానికి తెలిసిన స్కేళ్ళు, ఇంటర్వ్యూలు అన్నీ ప్రయోగించి, ఐదేళ్ళు గమనించి 1983లో ఫలితం ప్రచురించాడు. 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన పద్ధతి ప్రమాదంలో ఉన్నారని చూపించింది 803 మందిని. వాళ్ళలో చనిపోయినవాళ్ళు 30 మంది. మిగిలిన 37 మంది, అంటే సగానికి పైగా, ఏ గుర్తూ పడనివాళ్ళు. తన పద్ధతితో ఎవరు చనిపోతారో ముందుగా చెప్పడం సాధ్యపడలేదని పొకార్నీ తానే దాపరికం లేకుండా రాశాడు. తన పరికరం పనిచేయలేదని అంత స్పష్టంగా ప్రచురించిన ఆ నిజాయితీ మీద నాకు చాలా గౌరవం.

ఆ తర్వాత మెరుగుపడలేదా అని మీరు అడగవచ్చు. 2016లో ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ లార్జ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. ఎక్కువ ప్రమాదం అనిపించుకున్న వందమందిలో ఆ తర్వాతి ఏళ్ళలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళు దాదాపు ఐదుగురు. మొత్తం ఆత్మహత్యల్లో దాదాపు సగం తక్కువ ప్రమాదం అనిపించుకున్నవాళ్ళలో జరిగాయి. దశాబ్దాలు గడిచినా ఊహించే శక్తి పెరగలేదు. 2017లో జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందం యాభై ఏళ్ళలో వచ్చిన 365 అధ్యయనాలు చూసి దాదాపు ఇదే చెప్పింది: విడివిడిగా తీసుకుంటే ఏ ప్రమాద కారణమైనా గుడ్డిగా ఊహించడం కంటే కాస్త మెరుగు, అంతే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ, భవిష్యత్తులో ఆత్మహత్యను ఊహించడానికి స్కేళ్ళు వాడవద్దని 2011లోనే చెప్పింది. 2022లో మార్గదర్శకాలను తిరగరాసినప్పుడు ఇంకో అడుగు ముందుకు వేసి, పేషెంట్లను తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు బుట్టల్లో వేయడమే మానేయమంది. ఆ బుట్టను బట్టి ఎవరికి వైద్యం ఇవ్వాలో, ఎవరిని డిశ్చార్జి చేయాలో నిర్ణయించవద్దంది.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళుగా ఒక విచారణ నడుస్తోంది. మానసిక వైద్యం పొందుతూ ఆత్మహత్య చేసుకున్న బ్రిటన్ పేషెంట్ల వివరాలు అక్కడికి చేరతాయి. చివరిసారి వైద్య సిబ్బందిని కలిసినప్పుడు వీళ్ళలో అత్యధికుల పేరు పక్కన ఉన్నది 'ప్రమాదం తక్కువ' లేదా 'ప్రమాదం లేదు' అనే. ఆ రాత అబద్ధం కాకపోవచ్చు, ఆ నిమిషానికి అది నిజమే అయి ఉండవచ్చు. గండం ఆ రాతతోనే మొదలవుతుంది. 'తక్కువ' అని రాసిన చేయి కలం మూసేస్తుంది. ఇంట్లో ఏముంది, ఎవరున్నారు, మళ్ళీ ఎప్పుడు రావాలి, రాకపోతే ఎవరు ఫోను చేయాలి అనే మాటలు ఆ రాత దగ్గరే ఆగిపోతాయి.

మరి ఎందుకు నింపుతున్నాం? చాలాచోట్ల భయంతో నింపుతున్నాం. రేపు ఏదైనా జరిగితే, వకీలు అడిగితే, కమిటీ వస్తే చూపించడానికి ఒక కాగితం ఉండాలి. ఆ భయం ఎందుకు పుడుతుందో నాకు అర్థమవుతుంది. పేషెంటు చనిపోయిన రాత్రి ఒక యువ వైద్యురాలు ఎలా కుమిలిపోతుందో చూసినవాళ్ళం మనం. కానీ ఆ కాగితం ఆమెను కాపాడుతుందేమో గాని, పేషెంటును కాపాడినట్టు ఆధారం లేదు. పేషెంటుకు ఇవ్వవలసిన అరగంటలో పది నిమిషాలు ఆ కాగితానికి పోతున్నాయంటే నాకు కోపం వస్తుంది. లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశంలో పది నిమిషాలంటే చిన్న విషయం కాదు.

బీపీ మిషను 180 చూపిస్తే అది రేపు పొద్దున కూడా ఎక్కువగానే ఉండవచ్చు, దానికి మందు ఉంది. చావు ఆలోచన అలా నిలిచి ఉండేది కాదు. ఆస్ట్రియాలో ఆత్మహత్యాయత్నం తర్వాత ఆసుపత్రికి వచ్చిన 82 మందిని 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో అడిగారు: ఈసారి ఆ ఆలోచన మొదలైనప్పటి నుంచి ప్రయత్నం దాకా ఎంతసేపు పట్టింది? దాదాపు సగం మంది పది నిమిషాలు లేదా అంతకన్నా తక్కువ అన్నారు. పొద్దున ఓపీలో నవ్వుతూ మాట్లాడి, సాయంత్రం ఇంట్లో ఒక గొడవ జరిగి, చేతికందే దూరంలో పురుగుల మందు డబ్బా ఉంటే, పొద్దున వేసిన మార్కు ఏం చెప్పగలదు? ఆ పది నిమిషాలు దాటించడానికి మనం ముందే ఏం ఏర్పాటు చేశామన్నదే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు హింస వైపు. ఇక్కడ తప్పు జరిగితే నష్టపోయేది ఒక్క పేషెంటే కాదు. ఒకవైపు దెబ్బతినే కుటుంబ సభ్యులు, మరోవైపు ఏళ్ళ తరబడి స్వేచ్ఛ పోగొట్టుకునే మనిషి. 1966లో అమెరికా సుప్రీంకోర్టు బాక్స్‌ట్రామ్ అనే ఖైదీ కేసులో తీర్పు చెప్పింది. శిక్ష పూర్తయినా ప్రమాదకరమైన మనోరోగి అనే ముద్రతో న్యూయార్క్ రాష్ట్రం అతన్ని బంధించి ఉంచింది. తగిన విచారణ లేకుండా అలా ఉంచడం చెల్లదని కోర్టు అనడంతో అతనితోపాటు అదే స్థితిలో ఉన్న దాదాపు వెయ్యి మందిని మామూలు మానసిక ఆసుపత్రులకు మార్చవలసి వచ్చింది. అక్కడి సిబ్బంది బెదిరిపోయారు. హెన్రీ స్టెడ్‌మన్, జోసెఫ్ కొకోజా అనే సామాజిక శాస్త్రవేత్తలు ఆ మనుషులను నాలుగేళ్ళు గమనించారు. భయపడిన ఉపద్రవం రాలేదు. ఎక్కువమంది ఎవరి జోలికీ పోలేదు. వైద్యులు సంతకాలు పెట్టి 'ప్రమాదకరం' అని ధ్రువీకరించినవాళ్ళే వాళ్ళందరూ.

ఇంకో కేసు చెప్పాలి, మన వృత్తికి అది మాయని మచ్చ. టెక్సాస్‌లో థామస్ బేర్‌ఫుట్ అనే వ్యక్తి ఒక పోలీసు అధికారిని చంపాడని నేరం రుజువైంది. మరణశిక్ష వేయాలంటే అతను మళ్ళీ హింసకు పాల్పడతాడని జ్యూరీ నమ్మాలి. ఇద్దరు మానసిక వైద్యులు సాక్ష్యం చెప్పారు. ఇద్దరూ అతన్ని ఒక్కసారి కూడా పరీక్షించలేదు. వాళ్ళలో జేమ్స్ గ్రిగ్సన్, నూటికి నూరుపాళ్ళు హింసకు పాల్పడతాడని చెప్పాడు. ఇలాంటి జోస్యాలు మూడింట రెండు తప్పుతాయని అమెరికా మానసిక వైద్యుల సంఘమే సుప్రీంకోర్టుకు రాసి ఇచ్చింది. అయినా 1983లో కోర్టు ఆ సాక్ష్యాన్ని అంగీకరించింది. మరుసటి ఏడాది బేర్‌ఫుట్‌కు విషపు ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలు చేశారు. 1995లో గ్రిగ్సన్‌ను ఆ సంఘం బహిష్కరించింది.

హెచ్‌సీఆర్-20 లాంటివి ఆ చేదు అనుభవాల తర్వాత పుట్టాయి. 1995లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ వెబ్‌స్టర్ బృందం దీన్ని తెచ్చింది. గడిచిన జీవితం గురించి పది అంశాలు, ఇప్పటి స్థితి గురించి ఐదు, రాబోయే పరిస్థితుల గురించి ఐదు. మార్కులు కూడి తీర్పు చెప్పడం దీని ఉద్దేశం కాదు. వైద్యుడు ఏదీ మరిచిపోకుండా చూసి, ఏ పరిస్థితిలో ఏం జరగవచ్చో రాసి, దాన్ని ఆపే ఏర్పాటు రాయాలి. వాడవలసిన తీరులో వాడితే ఇది మంచి సాధనం. అయినా మొత్తం మీద హింసను ఊహించే సాధనాల ఫలితాలను సీనా ఫాజెల్ బృందం 2012లో చూసింది. 24,827 మంది వివరాలు. ప్రమాదం ఉందని చెప్పినవాళ్ళలో హింసాత్మక నేరం చేసినవాళ్ళు నూటికి 41 మంది. ప్రమాదం తక్కువ అని చెప్పినవాళ్ళలో నూటికి 91 మంది హింసాత్మక నేరమేదీ చేయలేదు. ఎవరిని ఇంటికి పంపవచ్చో చెప్పడానికి ఇది కొంత పనికొస్తుంది. ఎవరిని బంధించాలో చెప్పడానికి చాలదు. ఎర్ర గుర్తు పడిన వందలో 59 మంది ఏ హింసకూ పాల్పడనివాళ్ళు.

మెకార్థర్ అధ్యయనాన్ని కూడా ఇక్కడే గుర్తుచేయాలి. ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి అయిన 1,136 మందిని ఏడాదిపాటు గమనించి 1998లో ప్రచురించారు. మద్యం, మత్తు లేని పేషెంట్లు, అదే వీధుల్లో ఉండే మద్యం, మత్తు లేని ఇరుగుపొరుగు కంటే ఎక్కువ హింసకు పాల్పడలేదు. మన ఊళ్ళలో 'పిచ్చివాడు' అనగానే పిల్లల్ని ఇంట్లోకి లాక్కునే తల్లులందరికీ ఈ ఒక్క వాక్యం చెప్పగలిగితే బాగుండును. అతిగా ఊహించిన ప్రమాదం మన దేశంలో ఎక్కడిదాకా పోతుందో 2001 ఆగస్టు 6న చూశాం. తమిళనాడులో ఏర్వాడి దగ్గర ఒక ఆశ్రమంలో మంటలు రేగాయి. గొలుసులతో కట్టేసి ఉన్న మనోరోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. పేషెంటు ఒప్పుకోకపోయినా చేర్చుకోవడానికి అది పెట్టిన షరతులు చదవండి. ఈమధ్య తనకు హాని చేసుకుంటానని బెదిరించాడా, ప్రయత్నించాడా, ఇతరుల మీద హింసగా ప్రవర్తించాడా, తనను తాను చూసుకోలేక ప్రమాదంలో పడ్డాడా అని అడుగుతుంది. అన్నీ జరిగినవి, జరుగుతున్నవి. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, చూసినదాని మీద నిర్ణయించాలి. రేపు ఏం చేస్తాడో జోస్యం చెప్పమని మనల్ని అడగలేదు. ఆ విషయంలో చట్టం మన స్కేళ్ళ కన్నా వివేకంగా ఉంది.

స్కేళ్ళు పనిచేసే చోటు లేదా? ఉంది. నార్వేలోని బ్రోసెట్ చెక్‌లిస్టులో ఆరే అంశాలు. పేషెంటు అయోమయంగా ఉన్నాడా, చిరాకుగా ఉన్నాడా, గోల చేస్తున్నాడా, మాటతో బెదిరిస్తున్నాడా, చేత్తో బెదిరిస్తున్నాడా, వస్తువుల మీద దాడి చేస్తున్నాడా. షిఫ్టులో ఉన్న నర్సు చూసి రాస్తుంది. రాబోయే 24 గంటల గురించి మాత్రమే మాట్లాడుతుంది. స్విట్జర్లాండ్‌లో ఇలాంటి చెక్‌లిస్టు వాడి వెంటనే స్పందించిన వార్డుల్లో తీవ్రమైన దాడులు 41 శాతం, బలవంతపు చర్యలు 27 శాతం తగ్గాయని 2008లో ప్రచురించారు. అక్కడ గుర్తు పడగానే చేయవలసిన పని చేతిలోనే ఉంది. పక్కకు తీసుకెళ్ళి మాట్లాడటం, సందడి తగ్గించడం, మందు విషయం డాక్టరును అడగడం. చూపు దగ్గరిది, పని వెంటనేది, చూసేదీ చేసేదీ ఒకే మనిషి. ఆ నర్సు కళ్ళను మనం ఎంత తక్కువ లెక్కచేస్తామో ఇక్కడున్న సిస్టర్లకు తెలుసు.

ఆత్మహత్య విషయంలో పనిచేసేవేమిటో కూడా తెలుసు, అవి కొలతల కంటే సాదాగా ఉంటాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో, ఆసుపత్రి నుంచి వెళ్ళాక వైద్యం వద్దన్న 843 మందిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి ఐదేళ్ళపాటు ఏడాదికి కనీసం నాలుగు చిన్న ఉత్తరాలు. మీరు ఎలా ఉన్నారో అని అనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. ఏ సలహా లేదు, రమ్మనడం లేదు. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందుకున్నవాళ్ళలో ఆత్మహత్యలు తగ్గాయి. డిశ్చార్జి తర్వాతి కాలమే అన్నిటికన్నా ప్రమాదమైనది కాబట్టి ఆ రెండేళ్ళు చాలా విలువైనవి.

మనకు దగ్గరి ఉదాహరణ చెన్నైలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల ఒక ప్రయోగం చేసింది: బ్రెజిల్‌లో కాంపినాస్, చెన్నై, కొలంబో, ఇరాన్‌లో కరజ్, చైనాలో యున్‌చెంగ్. చెన్నైలో ఆ బాధ్యత లక్ష్మీ విజయకుమార్‌ది, 1986లో స్నేహ సంస్థను స్థాపించిన ఆవిడే. ఐదు చోట్లా కలిపి, ఆత్మహత్యాయత్నంతో క్యాజువాల్టీకి వచ్చిన 1,867 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగిలినవాళ్ళకు దానితోపాటు ఇంటికి పంపే ముందు ఒక గంట మాట, ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనో, ఇంటికి వెళ్ళి పలకరింపో. 2008లో ఫలితం వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్ళలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు. పలకరింపులు అందుకున్నవాళ్ళలో 0.2 శాతం. ఈ అంకెలు నేను ఎన్ని సభల్లో చెప్పినా నాకు విసుగు రాలేదు. ఈ ప్రయోగంలో ఎవరికి ప్రమాదం ఎక్కువ అని ఎవరినీ వడపోయలేదు. క్యాజువాల్టీకి వచ్చినవాళ్ళందరూ అర్హులే.

మూడోది బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తెచ్చిన భద్రతా ప్రణాళిక. పేషెంటుతో కలిసి కూర్చుని, అతని మాటల్లోనే రాసే ఒక్క కాగితం. ఆ ఆలోచన రాబోతోందని నాకు ఎలా తెలుస్తుంది, అప్పుడు నేను ఏం చేస్తే కాస్త నెమ్మదిస్తాను, ఎవరి దగ్గరికి వెళ్తాను, ఎవరికి ఫోను చేస్తాను, ఇంట్లో ఏది నాకు అందకుండా పెట్టాలి. అమెరికాలో మాజీ సైనికుల అత్యవసర విభాగాల్లో దీనికి ఫోను పలకరింపులు జతచేస్తే ఆరు నెలల్లో ఆత్మహత్య దిశగా చేసే చర్యలు 45 శాతం తగ్గాయని 2018లో వెల్లడైంది. మన ఇళ్ళలో దీని బదులు ఒట్టు వేయించుకుంటారు. 'పిల్లల మీద ఒట్టు వెయ్, మళ్ళీ అలా చేయనని.' ప్రేమతోనే చేయిస్తారు. 1970ల్లో అమెరికాలోనూ వైద్యులు ఇలాంటి హామీ పత్రాలు రాయించుకునేవారు. వాటి వల్ల ప్రాణాలు నిలిచాయన్న రుజువు లేదు. ఒట్టు వేసిన మనిషి ఆ ఆలోచన మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని మనకు చెప్పుకోలేడు, ఒట్టు తప్పినవాడవుతాడు కాబట్టి. ఒట్టు వేయించవద్దని ఇంటివాళ్ళకు నెమ్మదిగా చెప్పండి.

ఇంట్లో ఏది అందకుండా పెట్టాలి అన్న ప్రశ్నకు మన పల్లెల్లో సమాధానం చాలాసార్లు పురుగుల మందే. శ్రీలంక అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించుకుంటూ వచ్చింది. 1995 తర్వాత ఇరవై ఏళ్ళలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం పడిపోయింది. ఎవరికి ప్రమాదం ఉందో ఒక్కరినీ ముందుగా గుర్తించకుండా ఇన్ని ప్రాణాలు నిలిచాయి. ప్రభుత్వం చేయవలసింది ప్రభుత్వం చేస్తుంది. మనం మాత్రం రైతు కుటుంబాన్ని అడగాలి: మిగిలిన మందు ఎక్కడ పెడుతున్నారు, తాళం ఉందా, ఎవరి దగ్గర ఉంది, కొన్నాళ్ళు వేరేచోట పెట్టగలరా.

అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని ఇప్పటికీ చాలామంది డాక్టర్లకు జంకు. 2005లో మాడెలిన్ గూల్డ్ బృందం న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు పిల్లల మీద దీన్ని పరీక్షించింది. ఆత్మహత్య గురించి అడిగిన పిల్లల్లో బాధగానీ, ఆలోచనగానీ పెరగలేదు. కష్టంలో ఉన్న పిల్లలకు కాస్త ఊరటే కలిగింది. కాబట్టి అడగండి, మన భాషలో అడగండి. 'ఈమధ్య బతకబుద్ధి కావట్లేదా? పడుకుని లేవకపోతే బాగుండును అనిపించిందా? ప్రాణం తీసుకోవాలని అనుకున్నారా? ఎలా చేద్దామనుకున్నారు?' చివరి రెండు ప్రశ్నలూ నోట్లోనే మింగేస్తే మొదటి రెండింటికీ ఫలితం ఉండదు. కొలంబియా స్కేలులో నాకు నచ్చేది ఇదే. అది ఆ రెండు ప్రశ్నలూ మింగనివ్వదు. మార్కు పక్కన పెట్టి ప్రశ్నలు తీసుకోండి.

మనం అడిగినా కుటుంబాలు కేసు అవుతుందని భయపడి 'పొరపాటున తాగాడు' అంటాయి. చెప్పండి వాళ్ళకు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి సాయం అందించాలని 2017 చట్టంలోని 115వ సెక్షను అంటుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో లేదు. నిజం చెప్పడం వల్ల జైలు రాదని ఇంటివాళ్ళకు తెలిస్తేనే మనకు నిజం తెలుస్తుంది.

ఎవరికి ప్రమాదమో ముందే చెప్పే పని యంత్రాలు చేస్తాయని ఇప్పుడు ఆశ పెట్టుకున్నారు. అమెరికా మాజీ సైనికుల శాఖ 2017 నుంచి రికార్డులను కంప్యూటరుతో జల్లించి ప్రతి ఆసుపత్రిలో అందరికన్నా ఎక్కువ ప్రమాదం ఉన్న 0.1 శాతం మందిని గుర్తించి డాక్టరుకు చెబుతోంది. వాళ్ళు ఓపీకి రావడం పెరిగింది, నమోదైన ప్రయత్నాలు తగ్గాయి. మరణాలు తగ్గినట్టు మాత్రం తేలలేదు. రోజెన్ 1954లో వేసిన లెక్క కంప్యూటరుకూ వర్తిస్తుంది. దాని మేలు ఏదైనా ఉంటే, అది పేరు చూపించాక ఒక డాక్టరు ఫోను తీసి ఆ మనిషిని పలకరించడంలో ఉంది.

అందుకని ఈ సభలో ఉన్న సూపరింటెండెంట్లకు, విభాగాధిపతులకు నాదొక విన్నపం. ఆత్మహత్యాయత్నంతో వచ్చిన ప్రతి పేషెంటు డిశ్చార్జి కాగితం మీద ప్రమాదం ఎంత అని రాసే గడి తీసేసి, ఆ చోట మూడు వరసలు పెట్టండి. మొదటి వరసలో, ఇంట్లో ఏది ఎవరి దగ్గర దాచారు. రెండో వరసలో, ఆ ఆలోచన వస్తే పేషెంటు ఎవరికి చెబుతానన్నాడు. ఆ పేరు కింద తెలుగులోనూ పలికే ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416 అచ్చువేయండి. మూడో వరసలో, మన ఆసుపత్రి నుంచి ఎవరు, ఏ తేదీన ఫోను చేస్తారు. మొదటి ఫోను వారం లోపే. ఆ తర్వాత చెన్నైలో చేసినట్టు 18 నెలల దాకా. దీనికి ఒక రిజిస్టరు, ఒక ఫోను, ఆ పని తనదని తెలిసిన ఒక నర్సు కావాలి. ఆ నర్సును మధ్యాహ్నం ఇంజెక్షన్ రూముకు పంపకుండా, రోజుకు రెండు గంటలు ఆ రిజిస్టరుకే వదిలేయాలి. వచ్చే నెల డ్యూటీ చార్టు రాసేటప్పుడు ఆ రెండు గంటలు అందులో చేర్చండి.